ఆ నేలమాళిగను 1973లోనే కూల్చేశారు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు యాత్ర మీద వేసిన వ్యాసం చదివాను. లివర్‌పూల్ రేవు గురించి, అక్కడి నది గురించి చక్కగా రాశారు. అయితే మాథ్యూ స్ట్రీట్‌లోని కావెర్న్ క్లబ్ ఫోటో కింద, బీటిల్స్ అనే పాటల బృందం తొలినాళ్లలో పాడిన నేలమాళిగ నేటికీ చెక్కుచెదరకుండా ఉందని, గోడ మీది ఫలకమే దానికి సాక్ష్యమని వేశారు. అది నిజం కాదు. ఆ నేలమాళిగను 1973లోనే కూల్చేశారు. ఇప్పుడున్నది 1984లో మళ్లీ కట్టింది.

ఇంతోటి దానికి ఉత్తరం రాయాలా అని మా ఇంట్లోవాళ్లు అడిగారు. నేను ముప్పైనాలుగేళ్లు రైల్వే నిర్మాణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ నేలమాళిగను కూల్చింది రైలు మార్గం కోసమే. కాబట్టి ఇది నాకు చిన్న విషయంగా కనిపించలేదు.

మా అమ్మాయి ఉద్యోగం చేసేది ఆ దేశంలోనే. పోయినేడు వెళ్లినప్పుడు మనవడు నన్ను మాథ్యూ స్ట్రీట్‌కు తీసుకెళ్లాడు. వాడికి పద్నాలుగేళ్లు, గిటారు నేర్చుకుంటున్నాడు. అదొక ఇరుకు వీధి. రెండు పక్కలా ఒకప్పటి గోదాములు. పాత ద్వారం ఉండిన చోట గోడ మీద గుర్తు పెట్టారు. ఇప్పటి ద్వారం దానికి కాస్త అవతల ఉంటుంది. వచ్చినవాళ్లలో చాలామంది కొత్త ద్వారం దగ్గర ఫోటోలు దిగి లోపలికి వెళ్లిపోతున్నారు. పాత చోట ఆగినవాళ్లు నలుగురైదుగురు కూడా లేరు. మేము మటుకు అక్కడే చాలాసేపు నిలబడ్డాం. ఎందుకంటే మా వాడికి ఆ చరిత్ర కంఠతా వచ్చు, వరసగా చెప్పుకుంటూ పోయాడు.

వాడు చెప్పినదీ, తరవాత నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను. అది పండ్ల గోదాము కింది నేలమాళిగ. యుద్ధకాలంలో బాంబుల నుంచి తలదాచుకోవడానికి వాడుకున్నారు. పారిస్‌లో ఇలాంటి జాజ్ క్లబ్బు చూసి ముచ్చటపడిన ఆలన్ సిట్నర్ అనే కుర్రాడు 1957 జనవరి 16న దాన్ని తెరిచాడు. మొదట్లో అక్కడ జాజ్‌దే రాజ్యం. అదే ఏడు ఆగస్టులో జాన్ లెనన్ తన క్వారీమెన్ బృందంతో వచ్చి మధ్యలో రాక్ అండ్ రోల్ అందుకుంటే, ఆపమని వేదిక మీదికి చీటీ పంపారట. నాలుగేళ్లు తిరగకుండానే, 1961 ఫిబ్రవరి 9న, బీటిల్స్ పేరుతో అదే లెనన్ మధ్యాహ్నం పూట అక్కడ పాడాడు. మధ్యాహ్నం ఎందుకంటే, చుట్టుపక్కల ఆఫీసుల్లో గుమాస్తాలు, టైపిస్టులు భోజన విరామంలో దిగి వచ్చేవాళ్లు. సూప్, రొట్టె తింటూ ఒక గంట పాట విని మళ్లీ పనిలోకి పోయేవాళ్లు. మద్యం అమ్మేవాళ్లు కాదు. మూడు ఇటుక కమానులు పక్కపక్కన, నడి కమాను చివర వేదిక. జనం ఊపిరికి, చెమటకు గోడలు నీరు కారేవి.

ఒక ఇంజనీరుగా నాకు ఆ గోడల సంగతే మనసులో నిలిచిపోయింది. గాలి ఆడని ఆ చోట, చెమ్మగిల్లిన ఇటుకల మధ్య, కరెంటు వాద్యాలతో అన్నిసార్లు ఎలా వాయించారో. 1963 ఆగస్టు 3న చివరిసారి పాడేనాటికి బీటిల్స్ అక్కడ 292 సార్లు పాడారని లెక్క. 1961 నవంబరు 9న బ్రయన్ ఎప్‌స్టయిన్ తన రికార్డుల దుకాణం నుంచి నడిచి వచ్చి, మెట్లు దిగి వాళ్లను మొదటిసారి విన్నది కూడా అక్కడే, మధ్యాహ్నం పూటే. ఆ తరవాతే ఆయన వాళ్లకు మేనేజరయ్యాడు.

మీ వ్యాసంలో దీన్నే వాళ్ల మొట్టమొదటి వేదిక అన్నారు. దీనికి ముందే, 1960 ఆగస్టు 17 నుంచి, జర్మనీలోని హాంబర్గ్‌లో ఇంద్ర అనే క్లబ్బులో రాత్రులకు రాత్రులు వాయించి వచ్చారు వాళ్లు. అది కూడా సవరించండి.

ఇక కూల్చివేత. లివర్‌పూల్ నడిబొడ్డున భూగర్భ రైలు మార్గం తవ్వుతున్నారు. సొరంగానికి గాలి కోసం వెంటిలేషన్ షాఫ్టు కావాలి. దానికి కావెర్న్ స్థలం కావాలన్నారు. 1973 మే 27న క్లబ్బు మూతపడింది. పైనున్న గోదామును పడగొట్టారు, నేలమాళిగను పూడ్చేశారు. రైళ్లు 1977లో నడిచాయి. ఆ షాఫ్టు మాత్రం అక్కడ కట్టనే లేదు. ఆ జాగాలో కార్లు నిలుపుకున్నారు.

ఈ మాట విన్నప్పుడు మనవడు నన్నడిగాడు: “తాతయ్యా, నువ్వు కూడా ఇలాంటివి కూల్పించావా?” అని. కూల్పించాను. ఉద్యోగంలో ఉండగా ఒక పాత సరుకుల షెడ్డు తీసేయాలన్న ఫైలు మీద నేనే సంతకం పెట్టాను. అక్కడ కడతామన్న కట్టడం నేను రిటైరయ్యేదాకా రాలేదు, ఆ తరవాతా రాలేదు. సొరంగానికి గాలి అవసరమని నాకు తెలుసు. గాలి సరిగా ఆడకపోతే మనుషుల ప్రాణాలకే ముప్పు. అందుచేత ఆ ఊరి ఇంజనీర్లను నిందించలేను. కానీ ఖాయంగా కావాలని తేలకముందే స్థలం ఖాళీ చేయించే అలవాటు మా వృత్తిలో ఉంది. దానికి ఎంత మూల్యం కట్టామో నాకు ఆ వీధిలో నిలబడ్డాకే ఒంటికి పట్టింది. మనవడికి కూడా ఇదే చెప్పాను. వాడు ఇంకేమీ అనలేదు.

తిరిగి కట్టినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. పూడ్చిన కమానులను తవ్వి తీసి వాడుకుందామనే మొదట చూశారు. కూల్చేటప్పుడే అవి బాగా దెబ్బతిన్నాయని తేలింది. దాంతో పాత ఇటుకలు దాదాపు పదిహేను వేలు ఏరి, పాత నమూనా ప్రకారం కొత్తది కట్టారు. స్థలంలో ముప్పాతిక భాగం పాతదే. కాస్త ఎక్కువ లోతున ఉంది. 1999 డిసెంబరులో బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ వచ్చి ఆ కొత్త వేదిక మీద పాడాడు. మేము దిగినప్పుడూ ఎవరో యువకుడు గిటారుతో పాడుతున్నాడు, మనవడు కళ్లార్పకుండా చూశాడు. పాట ఆగలేదు కాబట్టి ఆ చోటు మీద నాకు గౌరవమే.

కానీ ఫలకం సాక్ష్యమని మీరు రాసిన మాటకు నా అభ్యంతరం. ఇక్కడ ఫలాన బృందం పాడిందని మాత్రమే ఫలకం చెబుతుంది. ఆ గది ఉందో పోయిందో దాన్ని బట్టి తేల్చలేం. లండన్‌లో గోడలకు పెట్టే ఇలాంటి నీలి ఫలకాల వల్ల కట్టడానికి చట్టపరమైన రక్షణ ఏదీ రాదని ఆ పథకాన్ని నడిపే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థే చెబుతుంది. చిన్న వేదికలు అక్కడ ఇప్పటికీ మూతపడుతూనే ఉన్నాయి. 2023 ఒక్క ఏడాదిలోనే 125 పోయాయని వాటి కోసం పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క తీసింది. రేపు వాటిలో ఏదో ఒక చోట ఫలకం పెడతారు, మరొకరు దాని ఫోటో తీసి చెక్కుచెదరలేదని రాస్తారు.

వచ్చే ఆదివారం సవరణ వేయగలరని మనవి. అక్కడికి వెళ్లే మన పాఠకులకు, కొత్త ద్వారంలోకి దిగే ముందు పాత ద్వారం గుర్తు దగ్గర కాసేపు ఆగమని కూడా ఒక మాట రాయండి. బీటిల్స్ పాడిన తేదీలతో పాటు మూతపడిన తేదీ కూడా అచ్చువేయండి: 1973 మే 27.

ఇట్లు,
మీ పాఠకుడు,
రైల్వే విశ్రాంత ఇంజనీరు