ప్రాక్టికల్స్‌లో మాకొచ్చిన రీడింగే రాసుకోనివ్వండి సార్

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్తే సార్. నేను డిగ్రీ ఫస్టియర్, ఫిజిక్స్. సిలబస్ ఎక్కువైందనో పేపర్ టఫ్‌గా వచ్చిందనో రాయట్లేదు, మా గోల ల్యాబ్ గురించి.

మొన్న సింపుల్ పెండ్యులం చేశాం, అంటే దారానికి గుండు కట్టి ఊపి గ్రావిటీ ఎంతో కనుక్కోవడం. దారం సరిగ్గా 100 సెంటీమీటర్లు పెట్టి 20 ఆసిలేషన్స్‌కి (ఊపులకి) స్టాప్‌వాచ్ నొక్కితే 40.5 సెకన్లు వచ్చింది, లెక్క కడితే జీ వాల్యూ, అదే గ్రావిటీ, 9.63. మళ్ళీ చేశా, మళ్ళీ అంతే. ల్యాబ్‌లో సార్‌కి చూపిస్తే "9.8 రావాలమ్మా, టైమ్ 40.1 వేసి తీసుకురా" అన్నారు. వేశా, సంతకం అయిపోయింది. ఆయన్నీ ఏమీ అనలేం లెండి, ఒక స్టాండ్‌కి ఎనిమిది మందిమి, ఆయన మాత్రం ఎంతమందికని చూస్తారు.

కానీ నాకు నిద్ర పట్టలేదు. ఒక్క ఊపుకి కాకుండా 20కి ఎందుకు చూస్తామంటే మన చెయ్యి ఓ 0.2 సెకను లేటైనా 20తో భాగిస్తే 0.01కి దిగిపోతుందని, సో తప్పు స్టాప్‌వాచ్‌ది కాదు, మరి ఎక్కడ అని బుర్ర బద్దలు కొట్టుకుంటే అప్పుడు వెలిగింది, నేను దారం కొలిచింది గుండు కొక్కెం దాకానే, గుండు మధ్య దాకా కొలవాలి కదా! ఆ ఒకటిన్నర సెంటీమీటర్ కలిపితే 9.77 వచ్చింది. అంటే నా 40.5 కరెక్టే సార్, దాన్ని కొట్టేసి రాసిన 40.1 అబద్ధం, ఫుల్ మార్కులు మాత్రం ఆ అబద్ధానికే పడ్డాయి.

1672లో రిషేర్ అనే ఫ్రెంచాయన పారిస్‌లో సెట్ చేసిన పెండ్యులం గడియారాన్ని భూమధ్యరేఖ దగ్గర్లోని కయెన్‌కి తీసుకెళ్తే అది రోజుకి రెండున్నర నిమిషాలు స్లో అయింది. అక్కడ గ్రావిటీ తక్కువని తేలింది దాంతోనే, తర్వాత న్యూటన్ భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుందని చెప్పడానికి ఆ రీడింగ్‌నే వాడుకున్నాడు. ఆ రిషేర్ మా ల్యాబ్‌లో పుట్టుంటే రికార్డు రిపీట్ రాయించేవాళ్ళు.

నేను అడిగేది పెద్దదేం కాదు, కొత్త బిల్డింగులు కూడా వద్దు. వచ్చిన రీడింగ్ పెన్నుతో రాయనివ్వండి, దిద్దితే మార్కులు కట్ చెయ్యమనండి, 9.63 ఎందుకొచ్చిందో వైవాలో, అదే నోటి పరీక్షలో, అడిగి దానికి సగం మార్కులు పెట్టమనండి. చెప్పలేకపోతే అప్పుడు కట్ చెయ్యండి, ఒప్పుకుంటాం.

కొంచెం తొందరగా చూడండి సార్, వచ్చే వారం స్క్రూ గేజ్ ఉంది, సన్నటి తీగల మందం కొలిచేది. ఇంకా ఎవరం దాన్ని ముట్టుకోనే లేదు, దాని జీరో ఎర్రర్ (ఏమీ పెట్టకుండానే అది చూపించే తప్పు రీడింగ్) ఎంతో సీనియర్ల రికార్డులోంచి అందరం అప్పుడే దించేసుకున్నాం.

ఇట్లు,
ఒక ఫస్టియర్ స్టూడెంట్