రామనగర బండలపై ఒక విన్నపం

కర్ణాటక అటవీశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడిని. సెలవు దొరికితే తాడు భుజాన వేసుకుని రామనగర బండలెక్కడం నాకు పిచ్చి. 2012లో అక్కడి రామదేవర బెట్ట అనే కొండను రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ మమ్మల్ని ఎక్కవద్దనడం న్యాయమే. పొడవు ముక్కు రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. అలికిడికి బెదిరి తల్లి గూడు వదిలేస్తే ఆ ఏడాది పిల్ల లేనట్టే.

అయితే పక్షులకు హద్దురాళ్లు తెలియవు కదా! చుట్టుపక్కల కొండల సంగతేమిటి? అన్నిటికీ తాళం వేయకండి. అమెరికాలోని యోసెమిటీ జాతీయ పార్కులో డేగలు గూళ్లు పెట్టే కొండగోడలను మాత్రమే మార్చి 1 నుంచి జూలై 15 వరకు మూస్తారు. గూడు లేదని తేలిన దారులను ముందే తెరుస్తారు. ఇక్కడా గూళ్లు లెక్కించి, ఏ బండ ఎప్పటిదాకా మూతో బోర్డు పెట్టించండి. లెక్కకు మనుషులు చాలకపోతే మేం వస్తాం, దుర్భిణులు మావే. డ్రోన్లను మాత్రం మొహమాటం లేకుండా ఆపండి.

ఇట్లు,
ఒక బండలెక్కేవాడు