ఫోటాన్‌ను గోళీగా చూపించవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

పత్రికల విజ్ఞాన పుటల్లోనూ, పాఠ్యపుస్తకాల్లోనూ కాంతి గురించి రాసినప్పుడల్లా ఒకే రకమైన బొమ్మ కనిపిస్తోంది. దీపం నుంచి పసుపుపచ్చని గోళీలు బారులు తీరి బయలుదేరుతుంటాయి, ఒక్కొక్క గోళీ పక్కన ‘ఫోటాన్’ అని రాసి ఉంటుంది. కాంతి కొన్నిసార్లు కణంగానూ, కొన్నిసార్లు తరంగంగానూ ప్రవర్తిస్తుందన్న వాక్యం దాని కింద తప్పకుండా ఉంటుంది. ఆ బొమ్మను, ఆ వాక్యాన్ని ఇకనైనా మానుకోవాలని పత్రికలనూ, పాఠ్యపుస్తక రచయితలనూ కోరడానికే భౌతికశాస్త్రం బోధించే వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను. విషయాన్ని తేలిక చేసే ప్రయత్నంలో మనం తప్పు చెబుతున్నాం. చిన్న వయసులో మనసులో నాటుకుపోయిన గోళీని డిగ్రీ తరగతుల్లో పెకలించడం ఎంత కష్టమో బోధించేవారందరికీ తెలుసు.

కాంతి అంటే విద్యుదయస్కాంత క్షేత్రంలో కలిగే కంపనం. ఒక నిర్ణీత పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఇన్నిసార్లు అన్న లెక్కతో, కంపించే క్షేత్రం ఎంత పడితే అంత శక్తిని తీసుకోలేదు, ఇవ్వలేదు. ప్లాంక్ స్థిరాంకం అనే ఎప్పటికీ మారని విలువను ఆ పౌనఃపున్యంతో గుణిస్తే వచ్చే శక్తి ఎంతో, ఆ మేరకు ఒకటి, రెండు, మూడు చొప్పున మాత్రమే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. క్షేత్రం అలా ఒక మెట్టు పైకెక్కిన స్థితినే అందులో ఒక ఫోటాన్ ఉందని అంటాం. 1927లో పాల్ డిరాక్ విద్యుదయస్కాంత క్షేత్రానికి క్వాంటమ్ సిద్ధాంతాన్ని అన్వయించినప్పటి నుంచి భౌతికశాస్త్రంలో ఫోటాన్‌కు ఉన్న అర్థం ఇదే. ఆకుపచ్చ కాంతిలో ఈ మెట్టు ఎత్తు సుమారు 2.25 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). ఒక మిల్లీవాట్ ఎర్రని లేజర్ నుంచి సెకనుకు సగటున 3,200 లక్షల కోట్ల ఫోటాన్లు వెలువడతాయి కనుకనే మామూలు వెలుతురులో ఈ మెట్లు మన దృష్టికి రావు.

ఇప్పుడు గోళీ సంగతి చూద్దాం. ఉత్తేజితమైన పరమాణువు కాంతిని వెలువరించడానికి చాలా సందర్భాల్లో సెకనులో పది కోట్లవ వంతు కాలం పడుతుంది. ఆ వ్యవధిలో కాంతి మూడు మీటర్ల దూరం వెళ్తుంది. అంటే ఆ ఒక్క ఫోటాన్‌కు సంబంధించిన క్షేత్రం సుమారు మూడు మీటర్ల పొడవున పరచుకొని ఉంటుంది. అంత పొడవున పరచుకున్నదే కంటి రెటీనాను చేరినప్పుడు కాంతిని గ్రహించే రోడాప్సిన్ అనే ప్రొటీన్ అణువు ఒకే ఒక్కటి దాని శక్తినంతా గ్రహిస్తుంది తప్ప, సగం ఒక అణువుకు, మిగిలిన సగం పక్క అణువుకు చేరడం ఎన్నడూ జరగదు. ఇంత ఆశ్చర్యకరమైన సంగతిని వదిలేసి పిల్లలకు పసుపుపచ్చని గోళీలు చూపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫోటాన్ ఉందనడానికి రుజువుగా అందరూ చెప్పేది కాంతి విద్యుత్ ఫలితం, అంటే కాంతి పడినప్పుడు లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటకు రావడం. లోహంపై పడే కాంతి పౌనఃపున్యం ఒక హద్దుకు తగ్గితే, కాంతిని ఎంత పెంచినా ఎలక్ట్రాన్లు బయటకు రావు. దీన్ని వివరిస్తూ 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సమీకరణాన్ని అమెరికన్ భౌతికశాస్త్రవేత్త మిల్లికాన్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలతో 1916 నాటికి నిర్ధారించారు. సమీకరణం సరైనదేనని ఒప్పుకున్నా, దాని వెనుక ఉన్న కాంతి క్వాంటా భావనను, అంటే కాంతి శక్తి విడివిడి మోతాదుల్లో ఉంటుందన్న ఆలోచనను, ఆయన అప్పటికి అంగీకరించలేదు. ఆయన జంకుకు కారణం లేకపోలేదు. కాంతిని పాత పద్ధతిలో తరంగంగానే ఉంచి, లోహంలోని ఎలక్ట్రాన్లకు మాత్రం క్వాంటమ్ నియమాలను వర్తింపజేసినా అదే సమీకరణం వస్తుందని 1969లో విల్లిస్ లాంబ్, మార్లాన్ స్కల్లీ చూపించారు. కాంతి విద్యుత్ ఫలితం ఒక్కదానితోనే ఫోటాన్ నిరూపితమైందని రాయడం అందువల్ల సరికాదు.

అంతకంటే లోతైన ఆధారం 1924లోనే ఢాకా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. సత్యేంద్రనాథ్ బోస్ అక్కడ అధ్యాపకుడిగా ఉంటూ వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతికి సంబంధించిన ప్లాంక్ సూత్రాన్ని కొత్త లెక్కతో రాబట్టి ఐన్‌స్టీన్‌కు పంపితే, ఆయనే దానిని జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేశారు. ఆ లెక్క కీలకం ఎనిమిదో తరగతి విద్యార్థికి కూడా అర్థమవుతుంది. రెండు గోళీలను రెండు పెట్టెల్లో వేయాలంటే నాలుగు విధాలుగా వేయవచ్చు. రెండూ మొదటి పెట్టెలో, రెండూ రెండో పెట్టెలో, తలొక పెట్టెలో ఒక విధంగా, వాటిని తారుమారు చేసి మరో విధంగా. రెండు ఫోటాన్లు, రెండు స్థితులు అయితే మూడే విధాలు, ఎందుకంటే తారుమారు చేయడం అన్నదానికి అక్కడ అర్థమే లేదు. రంగు, పరిమాణం, ఆకారం అన్నీ ఒకటైనా రెండు గోళీలు రెండు వేర్వేరు వస్తువులే. ఫోటాన్లు అలా కావు. క్షేత్రం రెండు మెట్లు ఎక్కిందని చెప్పగలం గాని, ఏది మొదటి ఫోటాన్, ఏది రెండోదని అడగలేం. నాలుగుకు బదులు మూడు లెక్కిస్తేనే వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతి కొలతలకు సరిపోతుంది. ఫోటాన్ గోళీ కాదనడానికి ఇంతకంటే సూటి నిదర్శనం నాకు తెలియదు. మన ఉపఖండంలో పుట్టిన ఈ లెక్క మన పాఠ్యపుస్తకాల్లో బోస్ ఫొటో కింద ఒక వాక్యానికే పరిమితం కావడం అన్యాయం.

కణమా, తరంగమా అన్న వాక్యానికి సమాధానం 1986లో పారిస్ సమీపంలోని ఒర్సేలో ఫిలిప్ గ్రాంజియే, జెరార్ రోజే, అలాఁ ఆస్పే చేసిన ప్రయోగంలో ఉంది. లేజర్ కాంతిని ఎంత మసకబార్చినా అప్పుడప్పుడు రెండేసి ఫోటాన్లు కలిసి వస్తాయి కాబట్టి వారు కాల్షియం పరమాణువులను వాడుకున్నారు. ఆ పరమాణువు వెంటవెంటనే రెండు ఫోటాన్లను వెలువరిస్తుంది, మొదటిది నమోదైతే రెండోది వస్తోందని అర్థం. ఆ రెండోదాన్ని, పడిన కాంతిలో సగాన్ని వెనక్కి పంపి సగాన్ని దాటనిచ్చే అద్దంపైకి పంపితే అటు డిటెక్టర్‌లోనో, ఇటు డిటెక్టర్‌లోనో నమోదైంది. రెండింటిలోనూ ఒకేసారి నమోదు కావడం తరంగ సిద్ధాంతం అనుమతించే కనీసం కంటే చాలా తక్కువ. డిటెక్టర్లను తీసేసి రెండు దారులనూ తిరిగి కలిపినప్పుడు అదే కాంతి వ్యతికరణ పట్టీలను, అంటే తరంగాలు కలిసినప్పుడు ఏర్పడే వెలుగుచీకట్ల చారలను, చూపింది. ఫోటాన్ మధ్యలో వేషం మార్చుకోలేదు. రెండు దారుల్లోనూ పరచుకొన్న క్షేత్రమే, శక్తిని ఇవ్వవలసి వచ్చినప్పుడు ఒక్కచోటే మొత్తంగా ఇస్తుంది.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితమైన చర్చ అనుకోవద్దు. మొబైల్ టవర్ల రేడియేషన్‌పై వచ్చే భయాలకూ దీనితో నేరుగా సంబంధం ఉంది. 900 మెగాహెర్ట్‌జ్ తరంగంలో ఒక ఫోటాన్ శక్తి ఆకుపచ్చ కాంతి ఫోటాన్ శక్తిలో ఆరు లక్షలవ వంతు మాత్రమే. మన శరీరంలోని అణువుల్లో రసాయన బంధాన్ని తెంచాలంటే సాధారణంగా కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అతినీలలోహిత కాంతి ఫోటాన్‌కు ఆ శక్తి ఉంటుంది, మొబైల్ తరంగానికి ఉండదు. అధిక తీవ్రత వల్ల వేడెక్కడం వేరే సంగతి, దానికి వేరుగా పరిమితులు ఉన్నాయి. పరమాణు రేడియేషన్‌నూ మొబైల్ రేడియేషన్‌నూ ఒకే గాటన కట్టే వార్తలు రాసేవారికి ఈ ఒక్క లెక్క తెలిసినా ఎంతో మేలు.

సామాన్య పాఠకులకు ఇవన్నీ అర్థం కావని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఐన్‌స్టీన్ అంతటివారు 1951లో తన మిత్రుడు బెస్సోకు ఉత్తరం రాస్తూ, యాభై ఏళ్లు ఆలోచించినా కాంతి క్వాంటాలంటే ఏమిటన్న ప్రశ్నకు సమాధానానికి చేరువ కాలేకపోయానని చెప్పుకున్నారు. ఆ మాటను పాఠకులకు దాచకుండా చెబితే వారు మరింత ఆసక్తిగా చదువుతారు. మీ విజ్ఞాన పుటలో ఈసారి కాంతి గురించి రాసినప్పుడు గోళీల బొమ్మ తీసేసి, ఆ స్థలంలో బోస్ లెక్కను ఉదాహరణతో సహా ప్రచురించవలసిందిగా మనవి. అచ్చుకు ముందు క్వాంటమ్ భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకులెవరికైనా ఆ వ్యాసాన్ని ఒకసారి చూపించండి.

ఇట్లు,
భౌతికశాస్త్రం బోధించే ఒక పాఠకుడు