బ్యాకప్ ఉన్నా లేవని కంప్యూటర్లు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, ఆడిటర్ల ఆఫీసుల్లో ఉన్న మిషన్‌కే కొత్త ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) తగిలించి విండోస్ 11 ఎక్కించుకుంటున్నారు. పాత హార్డ్ డిస్క్‌ను డేటా కోసం అందులోనే ఉంచేస్తున్నారు. ‘ముందు బ్యాకప్ తీసుకోండి’ అని పత్రికల్లో సలహాలు వస్తూనే ఉంటాయి. కానీ రెండు మూడు డిస్కులున్న మిషన్‌లో ఏది ఎక్కడుందో చూడకుండా తీసిన బ్యాకప్ అక్కరకు రాదు. రీస్టోర్ చేసేటప్పుడు ఒక్కోసారి ఉన్నదాన్ని కూడా ఊడ్చేస్తుంది.

విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లోనే ఉంటుందనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ వెతికేది సీ డ్రైవ్‌ను కాదు, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను. ఇది డిస్క్‌లో సాధారణంగా 100 ఎంబీ ఉండే చిన్న ముక్క. విండోస్‌ను లేపే ఫైళ్లు అందులో ఉంటాయి. ఎస్ఎస్‌డీలో విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించి ఉండి, అందులో ఈ ముక్క ముందే ఉంటే సెటప్ చాలాసార్లు దాన్నే వాడేసుకుంటుంది, ఎస్ఎస్‌డీలో కొత్తది చేయదు. ఆ పాత డిస్క్ పోయిన రోజున, ఎస్ఎస్‌డీలో విండోస్ నిక్షేపంగా ఉన్నా మిషన్ లేవదు. సీ డ్రైవ్ ఇమేజ్ (డ్రైవ్ మొత్తానికి తీసిన నకలు) ఒక్కటే దాచుకుని, దాన్ని కొత్త డిస్క్‌లోకి రీస్టోర్ చేసినా అదే గతి.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఏ డిస్క్ వరుసలో ఉందో కనిపిస్తుంది. మరీ పాత మిషన్లలో దాని బదులు సిస్టమ్ రిజర్వ్‌డ్ అని ఉంటుంది. రెండు డిస్కుల్లోనూ ఉంటే చూపుతో తేలదు. మిషన్ ఆపి, కరెంట్ తీసేసి, పాత డిస్క్ సాటా కేబుల్ ఊడదీసి ఆన్ చేయండి. లేవకపోతే ఆ డిస్క్‌ను మళ్లీ తగిలించి, సీ డ్రైవ్‌ను 300 ఎంబీ కుదించి, ఆ ఖాళీలో విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఒక అక్షరం ఇవ్వాలి. ఆపైన బీసీడీబూట్ కమాండ్‌కు సీలోని విండోస్ ఫోల్డర్‌ను, ఈ కొత్త అక్షరాన్ని చూపిస్తే బూట్ ఫైళ్లు అందులోకి చేరతాయి. ఎస్ఎస్‌డీ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలో ఉంటేనే ఇది కుదురుతుంది. అసలు ఇన్‌స్టాల్ చేసే రోజే మిగతా డిస్కుల కేబుళ్లు పీకేస్తే ఇంత తతంగం ఉండదు. సర్వీస్ షాపుల్లో రెండు నిమిషాల ఈ పని ఎందుకు చేయరో అర్థం కాదు.

ఇక ఇమేజ్ సంగతి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ కనిపించే విండోస్ 7 నాటి సిస్టమ్ ఇమేజ్ పరికరాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే పక్కన పెట్టింది. అయినా చాలామంది వాడుతున్నారు. అందులో కొన్నిసార్లు డీ డ్రైవ్‌కు పెట్టిన టిక్ తీయడానికి రాదు. డీలో ఎక్కించిన ఏదో ప్రోగ్రామ్ విండోస్ సర్వీస్‌గా తెర వెనక నడుస్తుంటే, డీ కూడా సిస్టమ్‌లో భాగమేనని అది లెక్కేస్తుంది. ఆ ఇమేజ్‌ను ఆరు నెలల తర్వాత రీస్టోర్ చేస్తే డీ కూడా ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఆ ప్రోగ్రామ్‌ను తీసి సీలో ఎక్కించాకే ఇమేజ్ తీయాలి. రీస్టోర్ చేసేటప్పుడు డిస్కులను ఫార్మాట్ చేసి మళ్లీ పార్టిషన్ చేయమనే టిక్ కనిపిస్తుంది, పక్కనే ఎక్స్‌క్లూడ్ డిస్క్స్ అనే బటన్ ఉంటుంది. ఆ బటన్‌ను నమ్ముకోవడం కన్నా డేటా డిస్క్ కేబుల్ తీసేయడం మేలు. ఇంకొకటి, 1 టీబీ డిస్క్ ఇమేజ్‌ను 500 జీబీ ఎస్ఎస్‌డీలోకి ఈ పరికరం ఎక్కించదు, అందులో వాడింది 80 జీబీయే అయినా సరే.

డిస్క్‌కు నకలు తీసే క్లోనెజిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారు డిస్క్‌ను దాని వరుస సంఖ్యతో గుర్తుపెట్టుకోకూడదు. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు ఆ వరుస మారొచ్చు. విండోస్ రికవరీలో సీ అన్నది డీగా కనిపించడమూ మామూలే. మోడల్, సీరియల్ నంబర్ చూసి ఎంచుకోవాలి. ఒకే కంపెనీవి, ఒకే సైజువి రెండుంటే సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలను డిస్క్ మీద స్టిక్కర్ రాసి అంటించండి. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ మిషన్లలో రికవరీ పెన్ డ్రైవ్‌కు ఎస్ఎస్‌డీ అసలు కనిపించకపోతే అది పాడైందని కంగారుపడొద్దు. చాలావరకు వీఎండీ డ్రైవర్ (ఎస్ఎస్‌డీని గుర్తించేందుకు కావలసిన ఇంటెల్ సాఫ్ట్‌వేర్) లేకపోవడమే కారణం. దాన్ని ముందే పెన్ డ్రైవ్‌లో వేసి ఉంచుకోవాలి.

పాత సీ ఇమేజ్ ఎక్కించేముందు ఇవాళ్టి సీలో ఏముందో కూడా చూసుకోవాలి. ట్యాలీ డేటా, డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు సాధారణంగా సీలోనే ఉంటాయి. మార్చి ఇమేజ్‌ను జూన్‌లో ఎక్కిస్తే లెక్కలు మార్చికి వెళ్లిపోతాయి. డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లను డీలో దాచుకుంటారు, ‘అను’ అనే తెలుగు ఫాంట్లు మాత్రం సీలో విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. అవి అన్ని మిషన్లకూ తెలిసిన యూనికోడ్ పద్ధతివి కావు కాబట్టి, ఫాంట్లు లేని మిషన్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే కనిపించేది తెలుగు కాదు, పిచ్చి గుర్తులు.

బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న మిషన్లలో ఒక్కో డ్రైవ్‌కు వేరే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. రోజూ అడగకుండానే డీ తెరుచుకుంటోందంటే, ఆ తాళంచెవి సీలో దాగి ఉందని అర్థం. సీ పోతే అదీ పోతుంది. అన్ని కీలనూ కాగితం మీద ముద్రించి ఉంచుకోండి.

డేటా డిస్క్‌కు ఇమేజ్ అక్కర్లేదు, ఫైళ్ల కాపీ చాలు. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ ఇందుకు బాగా పనికొస్తుంది. అయితే దాని మిర్రర్ ఆప్షన్, మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోనూ చెరిపేస్తుంది. రీస్టోర్ తర్వాత ‘డీ’, ‘ఈ’ అనే డ్రైవ్ అక్షరాలు అటూఇటూ అయ్యాయేమోనని చూసుకోకుండా పాత బ్యాచ్ ఫైల్ (కమాండ్లు రాసి ఉంచిన ఫైల్) నొక్కితే, మిగిలిన ఒక్క బ్యాకప్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు కమాండ్‌కు స్లాష్ ఎల్ (/L) చేర్చి నడిపితే ఏమీ మార్చకుండా, ఏమేం కాపీ అవుతాయో, ఏమేం చెరుగుతాయో జాబితా మాత్రం చూపిస్తుంది.

యూఎస్‌బీ 3 పోర్టులో మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కు 1 టీబీ కాపీ కావడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. పొరపాటున పాత యూఎస్‌బీ 2 పోర్టుకు గుచ్చితే ఎనిమిది గంటలైనా కావచ్చు. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్కులన్నిటికీ తాళం వేస్తుంది, బ్యాకప్ డిస్క్‌ను వదిలిపెట్టదు.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ