ఫిర్యాదు మూసేశారు, రంగు ఇంకా ఆరలేదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నా మోడల్ బోటు బయటి డొల్లకి, అంటే హల్‌కి వేసిన మీ ఎరుపు ఎనామెల్ వారాలు గడిచినా ఆరలేదు. ముట్టుకుంటే వేలిముద్ర పడుతోంది. రంగు గురించి ఇంతకంటే చెప్పను. ఎప్పుడో ఒక డబ్బా తేడాగా వస్తుంది, సరే. మీ వాళ్ల తీరే మింగుడు పడటం లేదు.

మొదట ఫోన్ ఎత్తినావిడ ఎంతో మర్యాదగా "గోడకు చెమ్మ ఉందా సార్?" అన్నారు. గోడ కాదండీ, పడవ అన్నాను. "పడవ ఏ గదిలో ఉంది సార్?" ఆ తర్వాత ఇంకొకాయనకు కలిపారు. స్ప్రే గన్ ప్రెషర్ ఎంత పెట్టారని ఆయన ప్రశ్న. కుంచెతో వేశానంటే, "అందుకే అయ్యుంటుంది" అని తేల్చేశారు. మరి డబ్బా మీద కుంచె బొమ్మ ఎవరు వేశారండీ? ఇంకొకరు ఫొటోలు అడిగారు. జిగురు ఫొటోలో కనపడదు కదా, వేలిముద్ర పడిన చోటే దగ్గరగా తీసి పంపాను. "వాడకంలో పడిన మరకలకు కంపెనీ బాధ్యత వహించదు" అని మెయిల్ వచ్చింది!

దాని వెనకే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

హల్‌కి చేత్తో రంగు వేయడమంటే ఏమిటో మీలో ఒక్కరికైనా తెలుసా? తడి సాండ్‌పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, దిమ్మె మీద పెన్సిల్ పెట్టి చుట్టూ తిప్పుతూ, నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపే వాటర్‌లైన్ గీసి, టేప్ అంచును గోటితో నొక్కి, పల్చటి పొర వేసి, అది ఆరాకే ఇంకో పొర వేయాలి. అంత ఓపిక ఉన్నవాడికే మీతో ఓపిక నశించింది.

నా మొదటి పడవ నుంచీ మీ రంగులే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకూ మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లు ఫోన్ చేస్తే నేనూ "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని పాట పెట్టాలా?

కొత్త డబ్బా పంపితే కాదనను. కానీ ఇదంతా గీకితే కింది ప్రైమర్ కూడా పోతుంది, దాని సంగతేమిటి? ఎనామెల్ గాలి తగిలి గట్టిపడటానికి కలిపే డ్రయర్ ఆ బ్యాచ్‌లో అసలు పడిందో లేదో, రంగు సంగతి తెలిసిన మనిషి ఫోన్ చేసి చెప్పాలి. లేదంటే పడవతో సహా వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. సాక్ష్యం ఆరిపోతుందన్న భయం ఎలాగూ లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: "మీ మెయిల్ అందింది" అని కంప్యూటర్ పంపేదాన్ని జవాబు కింద లెక్కపెట్టను.