పగిలిన అపెండిక్స్‌కి ఒక్క డోసు చాలన్న మీ క్లెయిమ్స్ డెస్కుకి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మా అబ్బాయి అపెండిక్స్ ఆపరేషన్ క్లెయిమ్‌లో యాంటీబయాటిక్స్ ఖర్చు, ఆ రోజుల గది అద్దె కోసేయడం గురించి.

అయ్యా,

మీ ఉత్తరం చేరింది. ఆపరేషన్ తర్వాత వాడిన యాంటీబయాటిక్స్ ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తకి ఇచ్చినవేనని, ఆపరేషన్‌కి ముందు వేసిన ఒక్క డోసుకి మించి అవసరమే లేదని రాసి, మందులు, గది అద్దె, నర్సింగ్ చార్జీలు అన్నీ కలిపి 38,600 రూపాయలు తీసేశారు. దానికి అండగా 2016 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సులు కూడా చూపించారు. రాసింది ఎవరో గానీ మా ఫైల్లో ఆపరేషన్ నోట్స్ ఉన్న కాగితం తిప్పి చూడలేదని మాత్రం తెలుస్తోంది.

మా వాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. బొడ్డు చుట్టూ నొప్పి మొదలైతే మెస్సు తిండి పడలేదనుకుని గ్యాస్ మాత్రలు మింగి పడుకున్నాడు, వీక్లీ టెస్టు పోతుందని వార్డెన్‌కి కూడా చెప్పలేదు. నొప్పి కుడివైపు కిందికి దిగి, జ్వరం, వాంతులు పట్టుకున్నాక మాకు ఫోన్ వచ్చింది. గుంటూరు తీసుకొచ్చి కొత్తపేటలో ఆసుపత్రిలో చేర్చేసరికే అపెండిక్స్ పగిలింది. పొట్టలో చీము ఉందని, కడిగి డ్రెయిన్ ట్యూబు పెట్టామని సర్జన్ గారు రాశారు. డిశ్చార్జ్ సమ్మరీలో 'పర్‌ఫరేటెడ్ అపెండిక్స్ విత్ లోకలైజ్డ్ పెరిటోనైటిస్' అని అక్షరాలా ఉంది, అంటే అపెండిక్స్ పగిలి ఆ చుట్టుపక్కల పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్ పాకిందని. ఇన్ఫెక్షన్ వచ్చి కూర్చున్నాక ఇంకా రాకుండా చూసుకోవడం ఏమిటండీ?

మీరు చూపించిన సిఫార్సు తప్పని నేను అనడం లేదు. అపెండిక్స్ వాచి ఉండి పగలకపోతే, కోత పెట్టడానికి ముందు గంటలోపు ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేస్తారు. కత్తి తగిలే సమయానికి మందు రక్తంలో, కండలో సిద్ధంగా ఉండాలి, అందుకని. ఆపరేషన్ చాలా సేపు సాగితే మధ్యలో ఇంకో డోసు వేస్తారు. కుట్లు పడ్డాక కొనసాగించినా గాయానికి కొత్తగా ఒరిగేది లేదు, విరేచనాలు పట్టుకోవడం, మందులకి లొంగని బాక్టీరియా పెరగడం తప్ప. మా తోడల్లుడి కూతురికి పోయినేడు ఇలాగే పగలని అపెండిక్స్ తీసి మర్నాడే ఇంటికి పంపారు, యాంటీబయాటిక్ ఒక్కటి కూడా రాయలేదని ఆయన డాక్టరు గారితో గొడవ పెట్టుకున్నాడు కూడా (మనవాళ్ళకి చీటీ నిండా మందులుంటే గానీ వైద్యం జరిగినట్టు ఉండదు కదా). అక్కడ డాక్టరు గారిదే రైటు.

కానీ పగిలిన అపెండిక్స్ సంగతి వేరు. పేగులో ఉండాల్సిన ఈ-కోలై, బాక్టీరాయిడ్స్ లాంటి బాక్టీరియా పొట్టలోకి చిమ్ముతాయి, ఎంత కడిగినా మిగిలే వాటిని చంపడానికి మందు కావాలి. దాన్ని చికిత్స అంటారు. మీరు చూపించిన సిఫార్సు ముందుజాగ్రత్త మందు గురించి, చికిత్స గురించి కాదు. నేను మిర్చి యార్డులో లెక్కలు రాసేవాణ్ణి. రంగు పోయిన తాలు కాయకీ మేలైన తేజ కాయకీ ఒకే ధర వేసి చీటీ ఇస్తే రైతు ఊరుకుంటాడా? మీరు చేసింది అదే.

పోనీ, చికిత్స అయినా మా వాడికి ఇచ్చిన 5 రోజులు ఎక్కువ అంటారా? అదైనా మాట్లాడుకుందాం. పొట్టలో ఇన్ఫెక్షన్లకి మూలాన్ని తీసేశాక సుమారు 4 రోజులు ఇస్తే, అంతకంటే ఎక్కువ రోజులు సాగదీసినంత ఫలితమే ఉంటుందని 2015లో వచ్చిన స్టాప్-ఇట్ అధ్యయనం చెప్పింది. నెదర్లాండ్స్‌లో కేవలం ఇలాంటి ముదిరిన అపెండిక్స్ వాళ్ళ మీదే చేసిన పరిశోధన 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో యాంటీబయాటిక్స్ సెలైన్‌లో 2 రోజులు ఇచ్చినవాళ్ళని, 5 రోజులు ఇచ్చినవాళ్ళని పోల్చారు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టే విషయంలో 2 రోజులు కూడా తీసిపోవని తేలింది, అయితే మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు 2 రోజుల వాళ్ళలోనే ఎక్కువ. నాకు తెలిసి అన్నిటికంటే తక్కువ చెప్పింది ఈ పరిశోధనే, అది కూడా 2 రోజులంది, సున్నా అనలేదు. మీరు సున్నా వేశారు.

ఇంకో మాట, ఖరీదైన మందుకి ఎందుకు మారారో కారణం లేదని రాశారు. కారణం ఫైల్లోనే ఉంది, చీము కల్చర్ రిపోర్టు, అంటే చీములో ఏ బాక్టీరియా ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చెప్పే పరీక్ష. మొదట సెఫ్ట్రయాక్సోన్, మెట్రోనిడజోల్ ఇచ్చారు. జ్వరం తగ్గలేదు. పెరిగిన ఈ-కోలై సెఫ్ట్రయాక్సోన్‌కి లొంగదని రిపోర్టులో 'ఆర్' అని ఎదురుగా కనిపిస్తోంది, అందుకే పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కి మార్చారు, దానికి జ్వరం దిగింది. కల్చర్ చేయకుండా గుడ్డిగా పెద్ద మందు వేసుంటే అడగండి, పరీక్ష చేయించి మార్చినవాళ్ళనా అడిగేది? గ్లోవ్స్, దూది డబ్బులు కోశారు, సరే, బీమా ఇవ్వని వస్తువులకి లిస్టు ఉందని తెలుసు, వదిలేశాను. ఇది వదలను. డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర ఆ డబ్బు కట్టడానికి పిల్లాడిని వీల్‌చైర్లో కూర్చోబెట్టి ఫోన్ల మీద అప్పు అడిగాం.

బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే నెల మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్‌లో కొంత కోసినా సరే పాలసీలోని ఏ షరతు కింద కోశారో వివరంగా చెప్పాలి. మీ ఉత్తరంలో షరతు నంబరే లేదు, 'వైద్యపరంగా అవసరం లేదు' అన్న ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం మీద డాక్టరు సంతకం కూడా లేదు.

నేను అడిగేది ఇదీ. కోసిన మొత్తం నా ఖాతాకి వేయండి. వేయం అంటారా, అయితే ఆపరేషన్ నోట్స్, కల్చర్ రిపోర్టు చదివిన డాక్టరు చేత, ఆయన రిజిస్ట్రేషన్ నంబరుతో, పగిలిన అపెండిక్స్‌కి ఆపరేషన్ తర్వాత యాంటీబయాటిక్ అక్కర్లేదని రాతపూర్వకంగా ఇప్పించండి, ఆ కాగితం నాకు చాలా పనికొస్తుంది. కస్టమర్ కేర్ నుంచి 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే ఫోన్లు మాత్రం చేయించకండి, ప్రతిసారీ కొత్తవాళ్ళకి మొదటినుంచీ చెప్పే ఓపిక లేదు.

ఈ ఫిర్యాదు ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్లో కూడా పెడుతున్నాను. నెల లోపు సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను, అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కాగితాలన్నీ జిరాక్స్ తీసి పెట్టుకున్నాను. పాలసీ, క్లెయిమ్ నంబర్లు మెయిల్లో ఉన్నాయి. ఆపరేషన్ నోట్స్, కల్చర్ రిపోర్టు మళ్ళీ జత చేశాను, చూడాల్సిన చోట ఎర్ర పెన్నుతో గీత గీశాను.

ఇట్లు,
మీ పాలసీదారు,
గుంటూరు