నిద్ర చాలని పరధ్యానం

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో "పుస్తకం ముందు గంట కూర్చున్నా ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదమ్మా, నాలోనే ఏదో లోపం ఉంది" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

లోపమేమీ లేదు. 2010లో హార్వర్డ్ వాళ్లు రెండు వేల మందికి పైగా ఫోన్లలో ఎప్పుడంటే అప్పుడు "ఇప్పుడు ఏం ఆలోచిస్తున్నారు" అని అడిగి చూస్తే, 47 శాతం సార్లు వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. పని లేనప్పుడు మెదడు ఖాళీగా కూర్చోదు, పాతవి తవ్వుకుంటుంది, రేపటివి అల్లుకుంటుంది. అప్పుడు చురుగ్గా ఉండే భాగాలకు 2001లో మెదడు మీద పరిశోధన చేసే మార్కస్ రైకిల్ బృందం 'డిఫాల్ట్ మోడ్' అని పేరు పెట్టింది. కలలు బాగా వచ్చే రెమ్ నిద్రలోనూ వాటిలో చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి, కాకపోతే నుదుటి వెనక ఉండి "ఇదేంటి, ఇలా ఎలా జరుగుతుంది" అని నిలదీసే భాగం మందగిస్తుంది. అందుకే పోయిన అమ్మమ్మ కలలో మన పెరంబూరు వంటింట్లో కాఫీ కలుపుతుంటే మనకు ఆశ్చర్యం కూడా వేయదు.

నా బెంగల్లా నీ నిద్ర గురించే. రెమ్ ఎక్కువగా నిద్ర చివరి గంటల్లో వస్తుంది, నువ్వు రెండింటికి పడుకుని ఆరింటికి అలారం పెట్టుకుని దాన్నే కోసేసుకుంటున్నావు.

నువ్వు చంటిదానివిగా ఉన్నప్పుడు నెలల తరబడి నేను వరసగా మూడు గంటలు పడుకోలేదు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చెన్నై సెంట్రల్లో లోకల్ రైలెక్కాను, వ్యాసర్‌పాడి జీవా బోర్డు చూశాను, మళ్లీ చూస్తే విల్లివాక్కం. కళ్లు తెరిచే ఉన్నాయి, పెరంబూరు ఎప్పుడు దాటిందో తెలియదు, మధ్యలో ఏం ఆలోచించానో కూడా గుర్తులేదు. ఇంట్లో నీ పాలవేళ దాటిపోయింది. నేను తల్లిగా పనికిరానని ఎంత ఏడ్చానో! చాలా ఏళ్లకు చదివాను, నిద్ర లేకుండా ఉంచిన ఎలుకలు మెలకువగా తిరుగుతుండగానే వాటి మెదడులో కొన్ని కణాలు క్షణకాలం నిద్రలోకి జారుకున్నాయని 2011లో కనిపెట్టారట. ముందే తెలిసి ఉంటే ఆ రోజు నన్ను నేను అంతగా తిట్టుకునేదాన్ని కాదు. నువ్వూ తిట్టుకోకు.

ఈ వారం పదకొండింటికే పడుకో. చదివిన లైనే మళ్లీ చదువుతుంటే పుస్తకం మూసి ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. సంక్రాంతికి బెంగుళూరు నుంచి వస్తావుగా, నిన్ను ఎవరూ లేపరు, దోసె పదకొండింటికైనా వేడిగా వేస్తాను.

అమ్మ